ఆనింగ్ కింద గాలి కొట్టకుండా తడకలు: ఏవి కొనాలి, ఎలా కట్టాలి

"అన్నా, వ్యాన్‌కి ఆనింగ్ పెట్టించాం. నీడ బాగానే ఉంది గానీ కింద కూర్చుంటే పేపర్ ప్లేట్లు ఎగిరిపోతున్నాయి. పక్కన ఏం కట్టమంటారు?" మే నెల బ్యాంక్ హాలిడే సెలవులు దగ్గరపడేసరికి ఈ ప్రశ్న నలుగురైదుగురు అడుగుతారు. ఆగస్టులో మళ్లీ ఇంకో నలుగురు. ప్రతి ఒక్కరికీ ఫోన్లో కొలతలు చెప్పడం కన్నా ఒకసారి రాసి పెడితే నయమనిపించింది.

మేముండేది ఇంగ్లండ్‌లో. మాది ఫోక్స్‌వ్యాగన్ ట్రాన్స్‌పోర్టర్ సైజు క్యాంపర్ వ్యాన్, పక్కన 2.6 మీటర్ల ఆనింగ్, అంటే హ్యాండిల్ తిప్పితే బయటికొచ్చే గుడ్డ పందిరి. ఎక్కువగా వెళ్లేది వేల్స్ తీరానికి, అంటే గవర్, పెంబ్రోక్‌షర్ వైపు. అక్కడ అట్లాంటిక్ మీంచి వచ్చే నైరుతి గాలికి అడ్డేమీ ఉండదు. కాబట్టి కింద చెప్పేదంతా బ్రిటన్ సైట్లనీ, ఇక్కడి గాలినీ దృష్టిలో పెట్టుకుని రాసింది.

ముందుగా ఒక్క సంగతి. తడక మీద పడ్డ గాలి బరువు నేలకు దిగాలి, ఆనింగ్ చేతులకు ఎక్కకూడదు. గంటకు 20 మైళ్ల గాలి నిలువు తెర మీద చదరపు మీటరుకు సుమారు 5 కిలోల బలంతో నెడుతుంది. గాలి వేగం రెట్టింపయితే ఆ బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. 40 మైళ్ల గాలివిసురు వస్తే చదరపు మీటరుకు 20 కిలోలు. పక్క తెర ఒక్కటే మూడున్నర చదరపు మీటర్లుంటుంది. అంటే దాదాపు పాతిక కిలోల బియ్యం బస్తాలు మూడు ఒక్కసారిగా వచ్చి ఒరిగినట్టు. ఆనింగ్‌కున్న సన్నటి అల్యూమినియం చేతులు నీడ కోసం చేసినవి, బస్తాలు మొయ్యడానికి కాదు.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. మొదటి ఏడాది గవర్‌లో సముద్రం కనబడేలా వ్యాన్ పెట్టి, ముందు వైపు నిండు తెర ఒక్కటే కట్టి, పక్కలు వదిలేశాను. మధ్యాహ్నం సముద్రం గాలి మొదలైంది. పక్క నుంచి దూరిన గాలి తెరకు తగిలి పోయే దారి లేక పైకప్పును ఎత్తింది. కాళ్లు రెండూ నేల విడిచి గాల్లో ఊగుతుంటే నేనూ మా ఆవిడా చెరొకటి పట్టుకుని నిలబడ్డాం. చివరికి ఒక చెయ్యి మోచేతి దగ్గర వంగిపోయింది. ఆ తర్వాత ఆ ఆనింగ్ ఎప్పుడూ నేరుగా మూసుకోలేదు.

కొనే ముందు: మీకు నిజంగా ఏది కావాలి?

చాలామంది నేరుగా ఆనింగ్ కంపెనీ ప్యానెళ్ల పేజీ తెరుస్తారు. తొందరపడకండి. ఒకసారి మీ క్యాంపింగ్ కుర్చీలో కూర్చుని నేల నుంచి తల పైకి కొలవండి. 110 నుంచి 120 సెంటీమీటర్లు వస్తుంది. మీరు ఆనింగ్ కింద చేసేది ఎక్కువగా కూర్చోవడమే అయితే కప్పు దాకా తెర అక్కర్లేదు. 140 సెంటీమీటర్ల ఎత్తున విడిగా నిలబడే విండ్‌బ్రేక్ సరిపోతుంది. దానికీ ఆనింగ్‌కూ సంబంధమే ఉండదు కాబట్టి బరువంతా దాని సొంత కర్రలూ తాళ్ల ద్వారా నేలకే పోతుంది. అడిగినవాళ్లలో సగం మందికి నేను చెప్పేది ఇదే. ఇది చాలనుకుంటే కొలతల భాగం దాటేసి స్టెప్పులకు వెళ్లిపోండి.

నిలబడి వంట చేస్తారా, చంటిపిల్లలున్నారా, వర్షం జల్లు కూడా ఆగాలా? అప్పుడు పక్క ప్యానెళ్లు కావాలి. ఇవి ఆనింగ్ పక్క అంచు నుంచి నేల దాకా దిగుతాయి. వ్యాన్ వైపు ఎత్తుగా, ముందుకు వచ్చేకొద్దీ పొట్టిగా ఉంటాయి. అందుకే కుడిది ఎడమకు పనికిరాదు. ఆనింగ్ పక్క అంచుకు దన్నుగా ఒక టెన్షన్ రాడ్ కూడా కావాలి. అది లేకుండా ప్యానెల్ కడితే గుడ్డ మధ్యలో వేలాడుతుంది.

ముందు ప్యానెల్ ఆఖరున కొనాల్సింది. ఆనింగ్ ముందు కడ్డీకున్న గాడిలోకి జొనుపుతారు. ఎండ ఏటవాలుగా కొట్టే సాయంత్రాలకు మంచిదే. గాలి కోసమైతే మాత్రం అన్నిటికంటే ప్రమాదం అదే, ఎందుకంటే దాని బరువంతా నేరుగా ఆ కడ్డీ మీదా చేతుల మీదా పడుతుంది.

ఇక గుడ్డ. నిండు గుడ్డ గాలిని ఆపినట్టే ఉంటుంది గానీ, ఆగిన గాలి పైనుంచి దూకి వెనక సుడి తిరుగుతుంది. అందుకే కొందరు "తెర కట్టినా వెనక నుంచి చల్లగా కొడుతోంది" అంటారు. సన్న రంధ్రాల మెష్ అయితే గాలిని చీల్చి నెమ్మది చేస్తుంది, దూకనివ్వదు. కోస్తాలో సర్వి తోటలు చూసే ఉంటారు. సర్వి ఆకు సన్నటి సూదుల్లా ఉండి గాలిని కొంత పోనిస్తుంది. అందుకే తోట వెనక గాలి మెత్తబడుతుంది. మన తాటాకు దడి చేసే పనీ అదే. నా ఎంపిక: గాలి వచ్చే పక్క మెష్, వర్షం భయమున్నచోట నిండు గుడ్డ. రెండూ ఒకే తెరలో కావాలంటే కింది సగం నిండుగా, పై సగం మెష్‌గా ఉన్నది చూడండి.

కొలతలు

ఆనింగ్ పొడవు చెప్పి ప్యానెల్ ఆర్డర్ చేస్తే సగం సార్లు తిరిగి పంపాల్సి వస్తుంది. పొడవు ముందు ప్యానెల్‌కి మాత్రమే పనికొస్తుంది. పక్క ప్యానెల్‌కి కావాల్సినవి మూడు. చదునైన నేల మీద ఆనింగ్ పూర్తిగా తెరిచి, మీరు మామూలుగా పెట్టే వాలులోనే పెట్టి కొలవండి.

ఒకటి, వ్యాన్ గోడ దగ్గర ఆనింగ్ గుడ్డ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో. రెండు, ముందు కడ్డీ ఎంత ఎత్తులో ఉందో. మూడు, గోడ నుంచి కడ్డీకి ఎంత దూరమో. మా వ్యాన్‌కి ఇవి 192, 176, 200 సెంటీమీటర్లు. డుకాటో లాంటి ఎత్తు వ్యాన్ అయితే మొదటి అంకె చాలా మారిపోతుంది. ఒకే పేరున్న ఆనింగ్ రెండు వ్యాన్ల మీద రెండు ఎత్తుల్లో ఉంటుంది. అందుకే ఎదుటివాళ్ల వ్యాన్‌కి సరిపోయిన ప్యానెల్ మీకు సరిపోతుందన్న గ్యారంటీ లేదు.

గాడి కొలత కూడా ముఖ్యం. తెర అంచున గుండ్రంగా తాడు పెట్టి కుట్టి ఉంటుంది, దాన్ని కేడర్ అంటారు. అది గాడిలోకి జారాలి, కానీ గాడి నోట్లోంచి బయటికి రాకూడదు. దీన్ని కొలవడానికి సులువైన ఉపాయం డ్రిల్ బిట్లు. వాటి మొండి వైపు ఒక్కొక్కటిగా గాడి చివర్లోంచి లోపలికి తోసి చూడండి. 4, 5, 6, 7 మిల్లీమీటర్లు. 6 దూరి 7 దూరకపోతే 6 మిల్లీమీటర్ల కేడర్ బిగుతుగా పడుతుంది, 5 సులువుగా జారుతుంది. తర్వాత అదే బిట్‌ని గాడి నోటి వెంబడి పడుకోబెట్టి బయటి నుంచి నొక్కండి. 5 బయటి నుంచే లోపలికి పోతోందంటే ఆ సైజు కేడర్ గాలికి ఊడి వస్తుందని అర్థం.

"ఎడమ", "కుడి" అన్నప్పుడు కంపెనీని ఒకసారి అడగండి. కొందరు వ్యాన్ లోపల నిలబడి బయటికి చూస్తే ఎడమ అంటారు, కొందరు బయట నిలబడి వ్యాన్‌ని చూస్తే ఎడమ అంటారు. మాకు మొదటిసారి రెండు కుడి ప్యానెళ్లు వచ్చాయి, తప్పు నాదే.

కావలసినవి

- గాలి వచ్చే పక్కకు ఒక ప్యానెల్ లేదా విడి విండ్‌బ్రేక్. మొదటి ఏడాదికి ఒక్కటి చాలు.
- పక్క ప్యానెల్ అయితే టెన్షన్ రాడ్.
- వ్యాన్ కింద నుంచి గాలి రాకుండా స్కర్ట్, అంటే చక్రాల మధ్య కట్టే పొట్టి గుడ్డ.
- పెగ్గులు, అంటే నేలలోకి కొట్టే మేకులు: గడ్డి నేలకు 25 సెంటీమీటర్లవి, కంకర పిచ్‌కి (వ్యాన్ నిలిపే చోటుకి) లావు ఉక్కువి. ఆనింగ్‌తో పాటు వచ్చే సన్నటి వంకర తీగల్ని నమ్మకండి.
- పెగ్గులు కొట్టే మ్యాలెట్ (సుత్తి), వాటిని లాగే కొక్కెం.
- గై తాళ్లు, అంటే తెరను పెగ్గుకు లాగి కట్టే తాళ్లు, కనీసం నాలుగు. రాత్రి కాళ్లకు తగలకుండా మెరిసే రకం.
- సాగే రబ్బరు లూపులు.
- ఆనింగ్‌ని నేలకు బిగించే పట్టీలు, స్ప్రింగ్ ఉన్నవి.
- కార్బన్ మోనాక్సైడ్ అలారం. పెట్టె మీద ఈఎన్ 50291-2 అని ఉన్నది తీసుకోండి, అది కదిలే బండ్ల కోసం పెట్టిన ప్రమాణం.
- రెండు అగరుబత్తులు. ఎందుకో తర్వాత చెబుతాను.

కట్టే పద్ధతి

1. ముందు గాలి సంగతి చూడండి. ఇక్కడి వాతావరణ శాఖ మెట్ ఆఫీస్ యాప్‌లో గాలి వేగం పక్కనే 'గస్ట్' (గాలివిసురు) అని ఇంకో అంకె ఉంటుంది. మీరు చూడాల్సింది ఆ రెండోది. నా లెక్క ఇది: గస్ట్ 18 మైళ్లలోపు ఉంటే ప్యానెళ్లు కడతాను. 18 నుంచి 25 దాకా ఆనింగ్ మూసేసి విడి విండ్‌బ్రేక్ ఒక్కటే పెడతాను. 25 దాటితే అన్నీ లోపలే, వ్యాన్‌లో కూర్చుని ఉప్మా తినడమే. మీ ఆనింగ్ మాన్యువల్‌లో ఇంతకన్నా తక్కువ రాసి ఉంటే అదే పాటించండి.

2. వ్యాన్‌నే అడ్డం పెట్టండి. మీ దగ్గరున్న అతి పెద్ద తడక అదే. ఇక్కడి వ్యాన్లకు ఆనింగ్ చాలావరకు ఎడమ పక్క, పేవ్‌మెంట్ వైపు ఉంటుంది. గాలి నైరుతి నుంచి వస్తుంటే వ్యాన్ ముక్కు ఆగ్నేయానికి తిప్పండి. డ్రైవర్ పక్క గాలికి ఎదురు నిలుస్తుంది, ఆనింగ్ చాటున పడుతుంది. నైరుతిలో బరువుండాలని వాస్తు చెప్పేవాళ్లు అంటారు కదా, ఇక్కడ ఆ బరువు వ్యానే. కొన్ని సైట్లలో వెనక మూల తెల్ల గుర్తు దగ్గరే పెట్టాలన్న రూల్ ఉంటుంది. అప్పుడు ఇష్టమొచ్చినట్టు తిప్పడం కుదరదు, ముందే సైట్ చూసుకునే వార్డెన్‌ని అడగండి. పక్క వ్యాన్‌కీ మీకూ మధ్య 6 మీటర్లు, ఆనింగులు తెరిచాక కూడా 3 మీటర్ల ఖాళీ ఉండాలని క్యాంపింగ్ క్లబ్బుల సైట్లు అడుగుతాయి. నిప్పు ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకోకుండా పెట్టిన దూరం అది. మీ విండ్‌బ్రేక్ ఆ ఖాళీని తినకూడదు. కొన్నిచోట్ల విండ్‌బ్రేకులే వద్దంటారు, బుకింగ్ రూల్స్ చూసుకోండి.

3. ఆనింగ్ తెరవండి. ఒక మీటరు బయటికొచ్చాక ఆపి కాళ్లు దించండి, తర్వాత మిగతాది తిప్పండి. ముందు వైపు వెనక కన్నా తక్కువ ఎత్తులో ఉండాలి. వర్షం సూచన ఉంటే ఒక కాలు ఇంకోదానికన్నా ఒక జానెడు తగ్గించండి, నీళ్లు ఒక మూల నుంచి జారిపోతాయి. లేకపోతే గుడ్డ మధ్యలో చెరువు కడుతుంది.

4. కాళ్లకు పెగ్గులు కొట్టండి, ముందు కడ్డీ రెండు చివరలకూ స్ప్రింగ్ పట్టీలు వేసి నేలకు బిగించండి. తడకలు ఇంకా సంచిలోనే ఉండాలి. ఆనింగ్ ఒంటరిగా స్థిరంగా నిలబడ్డాకే వాటి ముఖం చూడండి.

5. గాలి వచ్చే పక్క టెన్షన్ రాడ్ పెట్టండి. గుడ్డ అంచు వేలితో మీటితే డప్పులా మోగాలి. మరీ ఎక్కువ బిగిస్తే ముందు కడ్డీ విల్లులా వంగుతుంది. కడ్డీ ఒక చివర నుంచి ఒంటి కన్నుతో చూస్తే తెలుస్తుంది.

6. ప్యానెల్‌ని పై అంచు నుంచి మొదలుపెట్టండి. వ్యాన్ గోడ దగ్గర మొదటి పట్టు, తర్వాత బయటికి. కింద భాగం ఇద్దరిలో ఒకరు పట్టుకుని ఉండాలి, వదిలేస్తే జెండాలా కొట్టుకుంటుంది. కేడర్ గాడిలో జారకపోతే సిలికాన్ స్ప్రే కొట్టండి, లేదా కొవ్వొత్తి ముక్క రుద్దండి. నూనె వద్దు, దుమ్ము పట్టి గుడ్డకు మరకలవుతాయి. గాడి చివర పదునుగా ఉంటే ఆకురాయితో గీకండి. చాలా తెరలు చిరిగేది ఆ మొదటి అంగుళంలోనే.

7. కింద మూలలు ముందు, మధ్యవి తర్వాత. పెగ్ తల ప్యానెల్‌కి దూరంగా వాలి ఉండాలి, తాడూ పెగ్గూ ఎల్ ఆకారంలో కలవాలి. ప్రతి పెగ్‌కీ ప్యానెల్‌కీ మధ్య ఒక రబ్బరు లూపు పెట్టండి. గాలివిసురు వచ్చినప్పుడు అది సాగి దెబ్బను మింగుతుంది. గట్టి తాడుతో నేరుగా కడితే ఐలెట్ (గుడ్డకు బిగించిన లోహపు కన్నం) ఊడి చేతికొస్తుంది.

8. ప్యానెల్ ముందు నిలువు అంచు దగ్గర రెండు గై తాళ్లు, ఒకటి గాలి వైపు, ఒకటి ముందుకు. ఎక్కువమంది మానేసే స్టెప్ ఇదే. మొదట్లో చెప్పిన బియ్యం బస్తాల బరువును నేలకు దించేవి ఈ రెండు తాళ్లే.

9. ఎదుటి పక్క తెరిచి ఉంచండి. లోపలికొచ్చిన గాలికి పోయే దారి ఉండాలి. గాలికి ఎదురుగా నోరు తెరిచి వెనక మూసి ఉన్న ఆకారం ఎప్పుడూ చెయ్యకండి. దాన్ని సంచి అంటారు, ఆ సంచి ఎగురుతుంది. రెండు పక్కలూ ముందూ మూసేయాల్సి వస్తే పైన కప్పు కింద ఒక బెత్తెడు ఖాళీ వదలండి.

10. స్కర్ట్ కట్టండి. వ్యాన్ అడ్డం పెట్టి, ప్యానెల్ కట్టి, అయినా కాళ్లు చల్లబడుతున్నాయంటే గాలి వ్యాన్ కింద నుంచి వస్తోంది. నన్నడిగితే పెట్టిన డబ్బుకు ఎక్కువ సుఖం ఇచ్చేది ఈ గుడ్డ ముక్కే. కానీ కట్టే ముందు కింద వంగి, డీజిల్ హీటర్ పొగ గొట్టం ఎటు తెరుచుకుంటోందో చూడండి.

ఇక్కడ మాత్రం పొరపాటు పడకండి

హీటర్ పొగ గొట్టం ఆనింగ్ వైపు ఉంటే, తెరలు కట్టిన చోటంతా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు నిండుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. తలనొప్పి, వికారం వస్తే ప్రయాణం బడలిక అనుకుంటాం. గొట్టం అటువైపు ఉంటే హీటర్ నడుస్తున్నంతసేపు తెరలు తీసేయండి. గొట్టం ఎటున్నా స్కర్ట్ వల్ల పొగ వ్యాన్ కిందే ఇరుక్కోవచ్చు కాబట్టి హీటర్ వేసేటప్పుడు స్కర్ట్ కూడా విప్పేయండి.

బొగ్గుల బార్బెక్యూ తెరల లోపల అస్సలు వద్దు. "అయిపోయింది, చల్లారుతోంది, వర్షం వస్తోందని లోపల పెట్టాం" అనే మాటే అన్నిటికన్నా ప్రమాదకరం. మంట ఆరిన బొగ్గు గంటల తరబడి ఆ వాయువు వదులుతూనే ఉంటుంది. చికెన్ టిక్కా బయటే కాల్చి, బార్బెక్యూ బయటే వదిలి, పళ్లెం ఒక్కటే లోపలికి తెచ్చుకోండి. గ్యాస్ పొయ్యి అయినా ఒక పక్క పూర్తిగా తెరిచే వాడండి. పోపు పెట్టేటప్పుడు తెర గుడ్డ చేతి దూరంలో కూడా ఉండకూడదు.

సరిగ్గా కట్టామో లేదో చూసుకోవడం

మొదట అరచెయ్యి పరీక్ష. ప్యానెల్ మధ్యలో బయటి నుంచి అరచేత్తో గట్టిగా నెట్టండి, కళ్లు మాత్రం ఆనింగ్ కాలి మీద పెట్టండి. కాలు కదిలితే బరువు ఆనింగ్‌కి ఎక్కుతోంది. గై తాళ్లు మళ్లీ బిగించండి. కాలు కదలకుండా తాడు మాత్రం బిగుసుకుంటే సరిగ్గా ఉన్నట్టు.

తర్వాత అగరుబత్తి. వెలిగించి, గుడ్డలకు దూరంగా, మీరు కూర్చునే కుర్చీ దగ్గర మోకాలి ఎత్తులో పట్టుకోండి. పొగ ఒక జానెడు పైకి లేచి మెల్లగా వంగితే చాలు, హాయిగా కూర్చోవచ్చు. పుట్టిన చోటే చెదిరిపోతుంటే ఎటు పోతుందో చూడండి. గాలి దానికి ఎదురు దిక్కు నుంచి వస్తోంది. మాకు మొదటిసారి పొగ నేరుగా వ్యాన్ నుంచి బయటికి పరుగెత్తింది. స్కర్ట్ సంగతి తెలిసింది అప్పుడే. ఇదే పరీక్ష తల ఎత్తులో కూడా చెయ్యండి. కింద నిలకడగా ఉండి పైన సుడి తిరుగుతుంటే నిండు గుడ్డ మీంచి గాలి దూకుతోందన్నమాట. విండ్‌బ్రేక్‌ని ఒక అడుగు దూరం జరిపితే తరచూ సర్దుకుంటుంది.

జారుడు తలుపు పూర్తిగా తెరిచి మూయండి, వెనక వైపున్న పక్క ప్యానెల్‌కి రాసుకోకూడదు. వెనక డోర్ ఎత్తితే గై తాడుకు తగలకూడదు. కట్టిన 20 నిమిషాలకు అన్ని తాళ్లూ ఒకసారి లాగి చూడండి, గుడ్డ సర్దుకుని మొదటి బిగువు తప్పకుండా పోతుంది. నిద్రపోయే ముందు మళ్లీ ఒకసారి.

పదేపదే చూసే తప్పులు

తెరలు కట్టి బీచ్‌కి వెళ్లిపోవడం. గవర్‌లోని రోసిలి బీచ్ మీద నడిచి తిరిగొచ్చేసరికి మూడు గంటలు పడుతుంది, ఆలోగా గాలి దిక్కు మారిపోవచ్చు. పొద్దున చాటుగా ఉన్న పక్కే మధ్యాహ్నం గాలికి నోరు తెరుచుకుని ఉంటుంది. మనిషి లేనప్పుడు ఆనింగ్ మూసే ఉండాలి. విప్పేటప్పుడు ముందు ప్యానెల్, తర్వాత చాటు పక్క, చివర గాలి పక్క.

విండ్‌బ్రేక్ కర్రను ఆనింగ్ కాలికి తాడుతో కట్టేయడం. "రెండూ కలిస్తే బలం" అనుకుంటారు. నిజానికి విండ్‌బ్రేక్ పడితే ఆనింగ్‌ని కూడా లాక్కుని పడుతుంది. రెండిటి మధ్య కనీసం ఒక చెయ్యి దూరం ఉండనివ్వండి.

సక్షన్ కప్పుల మీద భారం వేయడం కూడా అంతే. అద్దం మీద తుడిచి, కప్పును అరచేతిలో వేడి చేసి అంటిస్తే స్కర్ట్ లాంటి తేలిక గుడ్డకు పనికొస్తాయి. రాత్రి చలికి ఊడిపోతాయి. అయస్కాంతాలు నయం, కానీ కింద గుడ్డ ముక్క లేకపోతే పెయింట్ మీద గీతలు పడతాయి, ఫైబర్ గ్లాస్ బాడీకి అసలు అంటుకోవు.

స్కాట్లండ్ పశ్చిమ తీరానికి వెళ్లేవాళ్లకు ఒక మాట. అక్కడి మిడ్జ్ దోమలు గాలి గంటకు 7 మైళ్లు దాటితే ఎగరలేవు. మీరు కష్టపడి గాలిని ఆపారంటే వాటికి విందు ఏర్పాటు చేసినట్టే. వేసవి సాయంత్రాలు అక్కడ తడక విప్పేసి స్వెట్టర్ వేసుకోవడమే తెలివైన పని.

తక్కువ ఖర్చులో కావాలంటే

గార్డెన్ షాపుల్లో విండ్‌బ్రేక్ నెట్టింగ్ అని చుట్టలుగా అమ్ముతారు. మన నర్సరీల్లో మొక్కలపై వేసే గ్రీన్ నెట్‌కి అన్నలాంటిది. సగం గాలిని పోనిచ్చే రకం తీసుకోండి. ఎత్తు 140 సెంటీమీటర్లు, పొడవు 4 మీటర్లు చాలు. పై అంచు, కింది అంచు మూడేసి వేళ్ల వెడల్పు మడిచి కుట్టండి, లేకపోతే ఐలెట్ నెట్‌ని చీల్చేస్తుంది. ప్రతి 130 సెంటీమీటర్లకు నిలువుగా ఒక గొట్టంలా కుట్టి కర్రలు దూర్చండి, మొత్తం నాలుగు కర్రలు. రెండు చివర్ల కర్రలకు రెండేసి గై తాళ్లు, మధ్య వాటికి గాలి వైపు ఒక్కోటి. నేరుగా గీత గీసినట్టు కాకుండా కొంచెం విల్లులా, వంపు గాలి వైపు ఉండేలా నిలబెడితే తనంతట తానే నిలుస్తుంది. మేం మూడేళ్లు దీంతోనే గడిపాం. చూడ్డానికి తోటమాలి పెట్టిన కంచెలా ఉంటుంది, అంతే.

ఇసుకలో పెగ్గులు నిలవవు, విశాఖ తీరమైనా వేల్స్ తీరమైనా ఇసుక ఇసుకే. పాత గుడ్డసంచిలో ఇసుక నింపి, మూతి బిగించి, నడుముకు తాడు కట్టి మూరెడు లోతున అడ్డంగా పూడ్చండి. తాడు ఏటవాలుగా బయటికి రావాలి. పైన కాలితో తొక్కి గట్టి చెయ్యండి. కంకర పిచ్‌లో పెగ్గు దిగకపోతే వంకరయ్యేదాకా కొట్టకండి, నాలుగు వేళ్లు పక్కకు జరిపి మళ్లీ ప్రయత్నించండి. కరెంటు కేబుల్ ఎటు వెళ్తోందో వార్డెన్‌ని అడిగాకే.

మడిచి పెట్టడం

ఆదివారం పొద్దున అన్నీ తడిసే ఉంటాయి, ఇక్కడ అదేమీ మారదు. తడిగా మడవాల్సి వస్తే మడవండి, కానీ ఇంటికి రాగానే, ఎంత ఆలస్యమైనా రెండో రోజు దాటకుండా, విప్పి ఆరేయండి. గరాజ్‌లో తాడు కట్టి వేస్తే చాలు. నల్ల మచ్చలు ఒకసారి పట్టాయంటే పోవు, వాసనా పోదు. కింది అంచు బురదను మామూలు నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో కడగండి. బట్టల సబ్బు వాడితే నీళ్లు ఆపే పూత పోతుంది. పారదర్శకమైన కిటికీ ఉన్న ప్యానెల్ అయితే చలిలో మడవకండి, కిటికీ ప్లాస్టిక్ పగులుతుంది. దాని మీద పాత దుప్పటి పరిచి చాపలా చుట్టి, కుడిదా ఎడమదా అన్నది చుట్ట బయట మార్కర్‌తో రాసి పెట్టండి.